సలమాంకాలో ఒక వేసవి: తెలుగు గుమ్మంలోంచి స్పానిష్

2023 జూలైలో నాలుగు వారాలపాటు నేను స్పెయిన్ దేశంలోని సలమాంకా నగరంలో ఉండి స్పానిష్ చదువుకున్నాను. తిరిగి వచ్చినప్పటినుంచి మిత్రులు అడుగుతున్నది ఒకటే: ఇంగ్లిష్ గట్టిగా వస్తేనే స్పానిష్ పట్టుబడుతుందా అని. వెళ్ళకముందు నేను కూడా అలాగే నమ్మాను. అక్కడ తరగతిలోనూ, నేను బస చేసిన ఇంటి వంటగదిలోనూ నాకు తెలిసివచ్చింది వేరు. తెలుగువాళ్ళకు స్పానిష్‌లోకి తిన్నని దారి తెలుగులోనుంచే ఉంది. ఇంగ్లిష్ మీదుగా వెళ్ళడం చుట్టుదారి. భాషాభిమానం కొద్దీ అంటున్న మాటగా దీన్ని కొట్టిపారేయవద్దని కోరుతూ, నాకు ఆ నమ్మకం ఎలా కుదిరిందో వివరంగా రాస్తాను.

నేను హైదరాబాద్‌లో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతాను. లాటిన్ అమెరికా కథలను తెలుగు అనువాదాల్లో చదివిన రోజుల్లో స్పానిష్ మీద ఇష్టం మొదలైంది. నేను చదివినవి దాదాపు అన్నీ ఇంగ్లిష్ మీదుగా వచ్చినవేనని తెలిశాక, మూలాన్ని నా కళ్ళతో నేనే చదవాలన్న పట్టుదల పెరిగింది. రెండేళ్ళు సాయంత్రపు తరగతులకు వెళ్ళాను. మంచి ఉపాధ్యాయులే దొరికారు. అయితే పాఠ్యపుస్తకాల్లో వివరణలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండేవి. చెప్పదలచుకున్న మాటను ముందు తెలుగులో అనుకొని, దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి, అక్కడినుంచి స్పానిష్‌లోకి తెచ్చేసరికి ఎదుటివారు మరో సంగతిలోకి వెళ్ళిపోయేవారు. చదివితే అర్థమయ్యేది, నోరు మాత్రం తెరుచుకునేది కాదు. కొన్నాళ్ళపాటు ఆ భాష తప్ప మరోటి వినపడనిచోట ఉండాలని అప్పుడే అనుకున్నాను.

అలా వెళ్ళదలచుకున్న అధ్యాపకులకు మొదటి చిక్కు క్యాలెండరుతోనే వస్తుంది. మన వేసవి సెలవులు ఏప్రిల్, మే నెలల్లో ముగిసిపోతాయి. స్పెయిన్‌లో వేసవి జూన్ చివరలో మొదలై సెప్టెంబరు దాకా ఉంటుంది, విదేశీయులకోసం పెట్టే వేసవి కోర్సులు చాలావరకు జూలై, ఆగస్టులలోనే నడుస్తాయి. నేను జీతం నష్టపోయే సెలవు పెట్టి, అంతకు రెండేళ్ళ ముందునుంచీ దాచుకున్న డబ్బుతో బయలుదేరాను. 90 రోజులకు మించని చదువుకు షెంగెన్ (ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే) స్వల్పకాలిక వీసా సరిపోతుంది. దానికి కోర్సులో చేరినట్టు పత్రం, బస వివరాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. మాడ్రిడ్‌లో విమానం దిగి, బస్సులో రెండున్నర గంటలు ప్రయాణించి, ఎండలో మండుతున్న గోధుమ పొలాలు దాటి సలమాంకా చేరాను.

ఊరు మొత్తం ఒకే రంగు రాయితో కట్టినట్టు కనిపిస్తుంది. పక్కనే ఉన్న విల్యామయోర్ గనుల ఇసుకరాయి అది. తవ్వినప్పుడు మెత్తగా ఉండి శిల్పి ఉలికి సులభంగా లొంగుతుంది. గాలి తగిలేకొద్దీ గట్టిపడి, అందులోని ఇనుము వల్ల తేనెరంగుకు తిరుగుతుంది. ఇక్కడి విశ్వవిద్యాలయాన్ని 1218లో లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో స్థాపించాడు. మన ఓరుగల్లులో గణపతిదేవుడు రాజ్యం చేస్తున్న కాలం అది. ఊరి నడిబొడ్డున ప్లాసా మయోర్ అనే పెద్ద చౌకు ఉంది. 1729లో మొదలుపెట్టి పాతికేళ్ళకు పైగా కట్టారు. నాలుగు వైపులా కమానులు, వాటి మధ్య రాజుల, రచయితల ముఖాలు చెక్కిన గుండ్రటి ఫలకాలు ఉంటాయి. సలమాంకా వాళ్ళు ఎవరినైనా కలుసుకోవాలంటే "గడియారం కింద" అంటారు. ఏ గడియారమో చెప్పరు, చెప్పనక్కరలేదు. ఆ చౌకులో పురపాలక భవనం మీద ఉన్న గడియారం తప్ప మరొకటి ఎవరికీ గుర్తురాదు.

నేను చేరిన భాషాపాఠశాల చిన్నది. తరగతిలో తొమ్మిది మందిమి. ఉదయం తొమ్మిదినుంచి ఒంటిగంట దాకా పాఠాలు. రెండో రోజు ఉపాధ్యాయురాలు ఒక పని చేయించారు. "కాఫీ అంటే ఇష్టం" అనే మాటను ఎవరి భాషలో వారు బోర్డు మీద రాయాలి. స్పానిష్‌లో దీన్ని "మె గుస్తా ఎల్ కఫే" అంటారు. ఇందులో "మె" అంటే నాకు. వాక్యానికి కర్త కాఫీ. ఇష్టపడే మనిషి కర్త కాదు, కాఫీ రుచించే చోటు మాత్రమే. రెండు పుస్తకాలైతే క్రియ బహువచనం అవుతుంది: "మె గుస్తాన్ లోస్ లీబ్రోస్". హైదరాబాద్‌లో ఈ పాఠానికి వారం పట్టింది. ఇంగ్లిష్‌లో మనిషి కర్తగా నిలబడి కాఫీని ఇష్టపడతాడు కాబట్టి, ఆ వాక్యాన్ని తలకిందులు చేసి చూడండి అని పుస్తకం చెప్పింది, నేను తలకిందులు చేయడాన్నే బట్టీ పట్టాను.

సలమాంకా బోర్డు మీద ఇటలీ అమ్మాయి, జర్మనీ కుర్రాడు తమ వాక్యాలు రాశారు. వారి భాషల్లో కూడా "నాకు" అనే వరుస ఉంది. బ్రెజిల్‌నుంచి వచ్చినాయన రాసింది మాత్రం "నేను కాఫీని ఇష్టపడతాను" అనే వరుసలో ఉంది. పోర్చుగీసు స్పానిష్‌కు తోబుట్టువు, అయినా ఈ ఒక్కచోట దాని పద్ధతి వేరు. అందుకే అందరికంటే వేగంగా మాట్లాడే ఆయన ఈ వాక్యం దగ్గర ప్రతిసారీ తడబడేవారు. నా వంతు వచ్చాక "నాకు కాఫీ ఇష్టం" అని తెలుగు లిపిలో రాశాను. ఉపాధ్యాయురాలు ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి అర్థం అడిగారు. మొదటి మాటకు "నాకు" అని స్పానిష్‌లో చెప్పేసరికి, చెబుతున్న నేనే ఒక క్షణం ఆగిపోయాను. ఈ వాక్యం నేను పుట్టినప్పటినుంచీ అంటున్నదే. "నాకు తల నొప్పిగా ఉంది" అనడానికి "మె ద్వేలె లా కబేథా", తల నాకు నొస్తోంది. "నాకు డబ్బు సరిపోవడం లేదు", "నాకు అనిపిస్తోంది", "నాకు గుర్తొచ్చింది" అన్నవన్నీ అదే అచ్చులో స్పానిష్‌లోకి దిగిపోతాయి. పిల్లలకు షష్ఠీ విభక్తి పాఠం ఎన్నో ఏళ్ళుగా చెబుతున్న మనిషిని, ఆ పాఠం ఇంకో భాషకు తాళంచెవి అవుతుందని అంతవరకు ఆలోచించలేదు.

ఆ రోజునుంచి నా నోటుపుస్తకంలో ఇంగ్లిష్ రాయడం మానేశాను. ప్రతి పాఠాన్నీ తెలుగు పక్కన పెట్టి చూసుకోవడం మొదలుపెట్టాను. కర్తను వదిలేయడం మనకు సహజం. "వస్తాను" అంటే చాలు, "నేను" అక్కరలేదు. స్పానిష్‌లోనూ క్రియ చివర చూస్తేనే ఎవరో తెలుస్తుంది కాబట్టి "నేను" అనే "యో" మాటను ఊరికే వాడరు. ఉచ్చారణలోనూ అంతే. వాళ్ళ త, ద మన త, ద లాగే పళ్ళకు నాలుక తగిలి పలుకుతాయి. ప, క అనేటప్పుడు గాలి బయటికి పోదు. నెత్తి మీద అల ఉన్న వాళ్ళ అక్షరం మన ఞ. అమెరికా నుంచి వచ్చిన సహపాఠిని రోజూ పావుగంట అద్దం ముందు నిలబెట్టి అభ్యాసం చేయించిన శబ్దాలు నాకు అడగకుండానే వచ్చాయి.

"పెరో" అంటే కానీ, "పెఱ్ఱో" అంటే కుక్క. ఈ రెంటి తేడా తరగతిలో చాలామందికి పెద్ద గండం. "గుఱ్ఱం" అన్నప్పుడు నాలుక కొస ఎలా ఆడుతుందో పెఱ్ఱోలోనూ అలాగే ఆడుతుంది. మన పూర్వకవులు ర, ఱలను వేరు శబ్దాలుగా పాటించి, పద్యంలో ప్రాసకు ఒకదాని చోట మరొకదాన్ని వేయలేదు. తరవాతి కాలంలో పలుకుబడిలో ఆ తేడా చెరిగిపోయి, ఱ అక్షరాన్ని వర్ణమాలలో మిగిల్చుకున్నాం. మన దగ్గర శకటరేఫం, అంటే బండి ర, అనే పేరుతో మిగిలిన ఆ శబ్దం సలమాంకా ఉన్న కాస్టీల్ ప్రాంతపు వీధుల్లో చిన్నపిల్లల నోట రోజూ పలుకుతుంటే విన్నాను. విద్యార్థులు ఈసారి శకటరేఫం ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు ఉంది.

అన్నిటికంటే ఎక్కువ మేలు జరిగింది "సెర్", "ఎస్తార్" అనే రెండు క్రియల దగ్గర. స్పానిష్ నేర్చుకునేవారిని ఏళ్ళ తరబడి బాధపెట్టే జత ఇది. ఇంగ్లిష్‌లో రెంటికీ "టు బి" అనే ఒకే క్రియ ఉంది కాబట్టి, శాశ్వతమైనదానికి సెర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని పుస్తకాలు ఒక సూత్రం చెబుతాయి. ఆ సూత్రం రెండో రోజే విరిగిపోతుంది. సలమాంకా స్పెయిన్‌లో ఉండడం శాశ్వతమే, అయినా అక్కడ ఎస్తార్ వాడాలి. చనిపోయిన మనిషికీ ఎస్తారే. తెలుగులో చూడండి: "ఆమె టీచరు" అంటాం, క్రియే లేదు, అది సెర్. "ఆమె ఇంట్లో ఉంది", "ఆమె అలసిపోయి ఉంది", "పులుసు చల్లగా ఉంది" అంటాం. అక్కడ "ఉండు" వచ్చింది, అది ఎస్తార్. "ఆమె అందగత్తె" అంటే "ఎస్ గ్వాపా". ఇవాళ ముస్తాబై వచ్చి "అందంగా ఉంది" అంటే "ఎస్తా గ్వాపా". ఉన్నదేమిటో చెప్పడానికి ఒక పద్ధతి, ఎలా ఉందో ఎక్కడ ఉందో చెప్పడానికి ఇంకొక పద్ధతి మన భాష ముందే విడదీసి పెట్టింది.

ఇది అన్నిచోట్లా సరిపోతుందని చెబితే అబద్ధం అవుతుంది. "గోడ తెల్లగా ఉంది" అని మనం అన్నచోట వాళ్ళు సెర్ వాడతారు. "కచేరీ చౌకులో ఉంది" అన్నప్పుడు కూడా, జరిగే కార్యక్రమం కాబట్టి, సెర్ వాడాలి. నేను ఇలాంటి మినహాయింపులకు వేరే పేజీ కేటాయించుకున్నాను. ఆ పేజీ నాలుగు వారాలకూ నిండలేదు.

1492 ఆగస్టు 18న ఇదే ఊళ్ళో ఒక పుస్తకం అచ్చయింది. అంతోనియో దె నెబ్రిహా అనే పండితుడు రాసిన కాస్టీలియన్, అంటే స్పానిష్, భాషా వ్యాకరణం అది. ఐరోపాలో ప్రజలు మాట్లాడుకునే ఒక భాషకు అచ్చులో వచ్చిన తొలి వ్యాకరణంగా దాన్ని గుర్తిస్తారు. కొలంబస్ ఓడలు పాలోస్ రేవునుంచి బయలుదేరి అప్పటికి పదిహేను రోజులు. ఆ గ్రంథాన్ని రాణి ఇసబెల్‌కు అంకితమిస్తూ, భాష ఎప్పుడూ సామ్రాజ్యానికి తోడుగా నడిచిందని నెబ్రిహా పీఠికలో రాశాడు. ఆ మాట చదివినప్పుడు గర్వం కంటే బరువు ఎక్కువ తోచింది. ఆ తోడు వల్లనే నేడు మెక్సికోనుంచి అర్జెంటీనా దాకా స్పానిష్ వినిపిస్తోంది, ఆ తోడు వల్లనే అక్కడి ఎన్నో భాషలు నోరు మూగబోయాయి. స్పానిష్‌ను ప్రేమించి చదివేవారు ఈ రెండో సగాన్ని కూడా చదవాలని నా అభిప్రాయం.

పాఠం చివర ఉపాధ్యాయురాలు మా భాషల్లో తొలి వ్యాకరణాల గురించి అడిగారు. మూలఘటిక కేతన 13వ శతాబ్దంలోనే తెలుగు వ్యాకరణాన్ని తెలుగు పద్యాల్లో రాశాడని చెప్పాను. అచ్చుయంత్రం లేని రోజుల్లో, తాటాకుల మీద, కంఠస్థం చేయడానికి వీలైన పద్యాలుగా ఒక వ్యాకరణం ఉండడం తరగతిలో అందరికీ కొత్తగా తోచింది. పద్యంలో వ్యాకరణం చెప్పడం ఎలా సాధ్యమని కొరియా విద్యార్థి అడిగితే, నాకు తెలిసిన స్పానిష్ అంతా కూడదీసుకొని పది నిమిషాలు మాట్లాడాను. నా జీవితంలో స్పానిష్‌లో చేసిన తొలి ప్రసంగం కేతన మీద కావడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

తరగతి గురించి ఇంతగా రాశాను గాని, సగం చదువు నేను బస చేసిన ఇంట్లో సాగింది. ఆ ఇంటావిడకు డెబ్బై దాటాయి. భర్త పోయారు, పిల్లలు వేరే ఊళ్ళలో ఉన్నారు, వేసవిలో విద్యార్థులకు గది ఇస్తారు. మొదటి వారం ఆవిడను "ఉస్తెద్" అనే పిలిచాను. మన "మీరు" లాంటి గౌరవపు మాట అది. తల్లి వయసు మనిషిని మరోలా పిలవడానికి నోరు రాదు కదా. ఆవిడ రెండుసార్లు చూసి, మూడోసారి, తనను "తూ" అనమని గట్టిగా చెప్పారు. నేటి స్పెయిన్‌లో దుకాణాల్లోనూ, తరగతిలో ఉపాధ్యాయులతోనూ "తూ" వాడుక బాగా పెరిగింది. అది తెలిసినా నాకు మనసొప్పలేదు. ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తోచింది. మన ఇళ్ళలో అత్తగారిని "మీరు" అంటాం, అమ్మను "నువ్వు" అంటాం. ఆవిడ నన్ను అడిగింది అమ్మ పక్కన చోటు. మర్నాడు పొద్దున్నే "తూ" అని పిలిచాను. ఆవిడ అప్పటికే నన్ను "ఈహా" అంటున్నారు. అమ్మాయ్ అని అర్థం.

మరొక మాట గురించి కూడా ఆ ఇంట్లోనే ఆలోచన వచ్చింది. మనకు "మనం", "మేము" అని రెండున్నాయి. స్పానిష్‌లో రెంటికీ "నోసోత్రోస్" ఒక్కటే. ఆవిడ "మనం ఆదివారం బయట తింటాం" అన్నారో, తాను, చెల్లెలు కలిసి వెళ్తామన్నారో తెలియక ఆ శనివారమంతా ఎదురుచూశాను. "నోసోత్రోస్" మాటను విప్పితే "నోస్", "ఓత్రోస్", అంటే "మేము ఇతరులం" అని వస్తుంది. పుట్టుకలో అది "మేము"కు దగ్గరి చుట్టం అన్నమాట. ఆదివారం నన్ను కూడా తీసుకువెళ్ళారు.

భోజనం వేళలు అలవాటు కావడానికి వారం పట్టింది. మధ్యాహ్నపు భోజనం రెండున్నరకు, రాత్రి భోజనం తొమ్మిదిన్నర తరవాత. జూలైలో సూర్యుడు రాత్రి పదింటికి కాస్త ముందుగా అస్తమిస్తాడు. దేశం ఐరోపా పడమటి కొసన ఉన్నా, 1940 నుంచి గడియారాలు జర్మనీతో సమానంగా నడుస్తుండడం ఇందుకు ఒక కారణం. సముద్రమట్టానికి దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి పగలు ఎండ మన రాయలసీమను తలపిస్తుంది, రాత్రి శాలువా కావాలి. తొమ్మిది నెలలు చలికాలం, మూడు నెలలు నరకం అని కాస్టీల్‌లో ఒక సామెత. వాళ్ళ భాషలో "ఇన్వియెర్నో", "ఇన్ఫియెర్నో" అని ప్రాస కుదురుతుంది. మధ్యాహ్నం తిన్నాక ఎవరూ వెంటనే లేవరు. పళ్ళేలు తీసేసిన తరవాత బల్ల దగ్గరే కూర్చొని గంటసేపు మాట్లాడుకుంటారు. దానికి "సోబ్రెమేసా" అని పేరు. ఆ నెల 23న స్పెయిన్‌లో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. నడివేసవిలో ఎన్నికలేమిటని అందరూ విసుక్కోవడం, సెలవులకు వెళ్ళినవాళ్ళు పోస్టులో ఓటు పంపడం, అన్నదమ్ములు వేర్వేరు పార్టీల గురించి గొంతు పెంచి వాదించుకొని మళ్ళీ ఒకే సీసాలోంచి పోసుకొని తాగడం, ఇవన్నీ ఆ బల్ల దగ్గర విన్నాను. వేగంగా మాట్లాడే స్పానిష్ చెవికి ఎక్కింది సోబ్రెమేసాలోనే. ఏ కోర్సు ప్రకటనలోనూ దీని ప్రస్తావన ఉండదు గాని, ఇంట్లో బస ఎంచుకోమని నేను చెప్పడానికి మొదటి కారణం ఇది.

నేను శాకాహారిని. సలమాంకా ప్రాంతం పంది తొడమాంసానికి పేరుపడ్డది. కూరగాయల కూరలో కూడా రుచికి నాలుగు ముక్కలు వేయడం అక్కడ మామూలు, వేసినవారికి అది మాంసంగా తోచదు. మొదటి రోజే "నేను మాంసం తినను" అనడంతో ఆగకుండా, ఏవేవి తిననో పేరుపేరునా చెప్పవలసి వచ్చింది. ఆ తరవాత ఆవిడ నాకోసం బంగాళాదుంపల ఆమ్లెట్ లాంటి తోర్తీయా చేసేవారు. గుడ్డు తింటాను కాబట్టి బతికిపోయాను. ఇంకొక రోజు పప్పు వండారు. అది ముసూరిపప్పు జాతిదే, తొక్కుతో వండుతారు, మామూలుగా మిరపతో ఎర్రబడ్డ సాసేజి ముక్కలు వేస్తారు. నాకోసం అవి మానేసి, పొగబెట్టి ఎండబెట్టిన మిరపపొడి వేశారు. ఆ పొడి పక్కనే ఉన్న లా వేరా లోయలో తయారవుతుంది. మిరప అమెరికా ఖండంనుంచి స్పెయిన్‌కు కొలంబస్ యాత్రల తరవాత వచ్చింది, మన తీరానికి పోర్చుగీసు ఓడల మీద వచ్చింది. గుంటూరు మిరపకూ ఆ డబ్బాలోని పొడికీ ఒకే పుట్టిల్లు అని చెబితే, మిరప మీ దేశంలో పుట్టలేదా అని ఆవిడ ఆశ్చర్యపోయారు. దానికి బదులుగా నారింజ గురించి చెప్పాను. వాళ్ళు "నరాన్హా" అనే మాట అరబ్బులనుంచి, పారసీకంనుంచి వెనక్కి నడుస్తూ మన దేశానికే చేరుతుంది. మన "మేస్త్రి", వాళ్ళ "మయెస్త్రో" కూడా చుట్టాలే. పోర్చుగీసువాళ్ళు తెచ్చిపెట్టిన చుట్టరికం అది.

మూడో వారంలో పాత విశ్వవిద్యాలయ భవనం చూడడానికి తీసుకువెళ్ళారు. ముఖద్వారం మీది శిల్పాల్లో, ఒక పుర్రె మీద కూర్చున్న చిన్న కప్పను ఎవరి సాయం లేకుండా కనిపెట్టినవారు పరీక్ష తప్పరని విద్యార్థుల నమ్మకం. అందరూ అక్కడే తలలెత్తి నిలబడతారు. నా మనసు మాత్రం లోపల ఉన్న ఒక గదిలో నిలిచిపోయింది. చెక్కిన దుంగల్లాంటి మొరటు బల్లలు, ఎత్తున ఒక వేదిక. ఫ్రాయ్ లూయిస్ దె లియోన్ అనే సన్యాసి కవి పాఠం చెప్పిన గది అది. బైబిలు హీబ్రూ మూలాన్ని లాటిన్ పాఠం కంటే ప్రమాణంగా చూశాడని, అందులోని పరమగీతాన్ని జనం మాట్లాడే స్పానిష్‌లోకి తెచ్చాడని నేరం మోపి, మతవిచారణ న్యాయస్థానం ఆయనను 1572లో బంధించింది. దాదాపు ఐదేళ్ళు వయ్యదోలిద్ నగరంలో చెరలో ఉంచి 1576 డిసెంబరులో నిర్దోషిగా విడిచిపెట్టారు. తిరిగి వచ్చి పాఠం మొదలుపెడుతూ ఆయన "నిన్న చెప్పుకుంటున్నట్టు" అన్నాడని ఒక ఐతిహ్యం. నిజంగా అన్నాడనడానికి రుజువులు లేవు, కథ మాత్రం ఊరంతా చెబుతుంది.

మా ఉపాధ్యాయురాలు ఆ మాటనే వ్యాకరణ పాఠంగా మార్చారు. స్పానిష్‌లో భూతకాలం రెండు విధాలు. ఒకటి జరిగి ముగిసినది, మరొకటి జరుగుతూ ఉండినది. ఐతిహ్యంలోని మాట "దెసీయామోస్ అయేర్". అది ముగియని భూతకాలం. ముగిసిన రూపం వాడి ఉంటే "నిన్న చెప్పాం" అని అర్థమయ్యేది, పాఠం అయిపోయినట్టు తేలేది. ముగియని రూపం వల్ల ఆ పాఠం ఐదేళ్ళుగా అక్కడే ఆగి ఎదురుచూస్తున్నట్టయింది. ఇది కూడా నాకు తెలుగులోంచే అందింది. "వెళ్ళాను" అనడానికీ "వెళ్ళేదాన్ని", "వెళ్తూ ఉన్నాను" అనడానికీ మనకు ఉన్న తేడా అది. పుస్తకంలో పన్నెండు సూత్రాలుగా ఉన్న పాఠం ఆ గదిలో ఒక్క క్రియతో తీరిపోయింది. ఒక మాటను జనం భాషలోకి తెచ్చినందుకు ఒక పండితుడు చెరలో పడ్డాడన్న సంగతి, పిల్లలకు భాష నేర్పి బతుకుతున్న నన్ను చాలాసేపు కదలనివ్వలేదు. అందరూ కప్ప ఫొటోల కోసం బయటికి వెళ్ళాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను.

తెలుగు ఏమాత్రం సాయపడని చోట్లు కూడా రాయాలి. బల్ల ఆడది, పుస్తకం మగది ఎందుకయ్యాయో మన భాష చెప్పదు. మన దగ్గర "ఆమె వచ్చింది", "అది వచ్చింది" ఒకటే. "ప్రొబ్లేమా" ఆకారాంతమైనా పుంలింగం, "అగ్వా" స్త్రీలింగమైనా ముందు "లా" కాకుండా పుంలింగపు "ఎల్" వస్తుంది. వీటిని బట్టీ పట్టడమే మార్గం, ప్రతి నామవాచకాన్నీ ముందున్న "ఎల్", "లా" తోనే కలిపి నేర్చుకోవాలి. "పోర్", "పారా" అనే రెండు మాటల తేడా నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు. మన "కోసం", "వల్ల" కొంతదూరం తోడువచ్చి, ఆ తరవాత విడిచిపెట్టేస్తాయి.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. నాలుగు వారాలకంటే తక్కువకు వెళ్ళవద్దు. మొదటి వారం చెవికి, రెండో వారం నోటికి సరిపోతాయి, అసలు చదువు ఆ తరవాతే మొదలవుతుంది. ఇక్కడే కొంత నేర్చుకొని వెళ్ళండి, సున్నానుంచి మొదలుపెట్టడానికి అంత ఖర్చు పెట్టుకోనక్కరలేదు. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వపు భాషాసంస్థ ఇన్‌స్తితూతో థెర్వాన్తెస్ శాఖ ఉంది, దెలె అనే ధ్రువపత్ర పరీక్షలు వారే నిర్వహిస్తారు. సలమాంకా చేరాక, తోటి భారతీయులు దొరికినా, పగటిపూట స్పానిష్ తప్ప మాట్లాడబోమని ఒప్పందం చేసుకోండి.

బయలుదేరే రోజు ఉదయం ఇంటావిడ నా పెట్టె పక్కన నిలబడి, మీ భాషలో వీడ్కోలు ఎలా చెబుతారని అడిగారు. "వెళ్తున్నాను" అని మేము అనం, "వెళ్ళొస్తాను" అంటాం, ఇంట్లోవాళ్ళు "వెళ్ళి రా" అంటారు అని చెప్పాను. వెళ్ళడంలోనే రావడం కూడా ఉండాలా అని అడిగి, ఆ మాట రాసివ్వమన్నారు. "వెళ్ళి రా" అని వాళ్ళ అక్షరాల్లో రాసి ఇచ్చాను. స్పానిష్‌లో మన "వ"కు రాసే అక్షరాన్ని "బ" అని పలుకుతారు, పక్కపక్కన రెండు "ల"లు ఉంటే "య" అంటారు. ఆ సంగతి రాసేటప్పుడు నాకు తట్టలేదు. బస్సు స్టాండుకు వెళ్ళే టాక్సీ ఎక్కి పైకి చూస్తే, ఆవిడ రెండో అంతస్తు బాల్కనీలో ఆ కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకొని చదువుతున్నారు.

"బెయ్యిరా, ఈహా," అన్నారు. "బెయ్యిరా."